అమెరికాలో పబ్లిక్ అకౌంటింగ్ ఉద్యోగం: విదేశీ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

పబ్లిక్ అకౌంటింగ్‌లో చేరితే మొదటి ఏడాది ఏం పని చేయాల్సి ఉంటుంది?

ఒక కంపెనీలో చేరి ఆ కంపెనీ లెక్కలు మాత్రమే చూసుకోవడం వేరు, పలు కంపెనీలకు బయటి నుంచి ఆడిట్, టాక్స్, సలహా సేవలు అందించే సంస్థలో పనిచేయడం వేరు. ఈ రెండోది పబ్లిక్ అకౌంటింగ్. డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీలను బిగ్ ఫోర్ అంటారు. వాటి తరువాత ఆర్‌ఎస్‌ఎం, బీడీఓ, గ్రాంట్ థార్న్‌టన్ వంటి సంస్థలూ, ఒక నగరానికో రాష్ట్రానికో పరిమితమైన చిన్న ఫర్మ్‌లూ ఉంటాయి.

ఆడిట్‌లో కొత్తగా చేరిన వ్యక్తి చేసే పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూడండి. క్లయింటు డిసెంబరు 31 తేదీతో ఒక ఇన్వాయిస్ వేసి, ఆ మొత్తాన్ని ఆ ఏడాది అమ్మకాల్లో చూపింది. మీరు శాంపిల్‌గా తీసుకున్న పాతిక ఇన్వాయిస్‌లలో అది ఒకటి. దానికి సంబంధించిన రవాణా పత్రం తెప్పించి చూస్తే సరుకు గోదాము దాటింది జనవరి 3న. ఒప్పందం ప్రకారం సరుకు లారీ ఎక్కినప్పుడే యాజమాన్యం కొనుగోలుదారుకు మారుతుంది కనుక, ఆ అమ్మకం వచ్చే ఏడాదిది. దీన్ని వర్క్‌పేపర్‌లో రాసి, సీనియర్‌కు చూపించి, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో వెతకడమే మీ తరువాతి పని. పైకి గుమాస్తా పనిలాగే కనిపించినా, ఆ తేడాను పట్టుకునే అలవాటు మీదే మిగతా వృత్తి అంతా నిలబడుతుంది.

జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు ఉండే బిజీ సీజన్‌లో వారానికి 55, 60 గంటలు పనిచేయడం సాధారణం. టాక్స్ విభాగంలో ఏప్రిల్ 15 గడువు దాటిన తరువాత కూడా, వాయిదా తీసుకున్న రిటర్నుల కోసం సెప్టెంబరు 15, అక్టోబరు 15 తేదీలకు ముందు మళ్లీ ఒత్తిడి ఉంటుంది.

ఏ డిగ్రీలో చేరాలి? మాస్టర్స్ ఇన్ అకౌంటింగ్ అయితే చాలదా?

చాలవచ్చు, చాలకపోవచ్చు. తేల్చేది డిగ్రీ పేరు కాదు, మీ ఐ-20 (వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) మీద ఆ పేరు పక్కన అచ్చయ్యే సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ విభాగానికి చెందిందో చెప్పే సంఖ్య. మామూలు అకౌంటింగ్ ప్రోగ్రాములకు ఉండే 52.0301 కోడ్ అమెరికా ప్రభుత్వపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు. అలాంటి ప్రోగ్రాములో చదివితే చదువు అయ్యాక 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసేందుకు అనుమతి) మాత్రమే దొరుకుతుంది. అయితే డేటా అనలిటిక్స్ పాఠ్యాంశాలు ఎక్కువగా కలిపిన కొన్ని విశ్వవిద్యాలయాలు తమ అకౌంటింగ్ మాస్టర్స్‌ను మేనేజ్‌మెంట్ సైన్స్‌కు చెందిన 52.1301 వంటి స్టెమ్ కోడ్ కింద నమోదు చేశాయి. వాటిలో చదివినవారు మరో 24 నెలల పొడిగింపుకు దరఖాస్తు చేసుకోవచ్చు. తరగతి గదిలో ఇద్దరూ అవే పుస్తకాలు చదివినా, ఒకరికి ఒక ఏడాది, మరొకరికి మూడేళ్లు దక్కుతాయి.

కనుక ర్యాంకింగుల కన్నా ముందు అడ్మిషన్ల కార్యాలయానికి ఈమెయిల్ రాసి, సీఐపీ కోడ్ ఏమిటో రాతపూర్వకంగా తెలుసుకోండి. వెబ్‌సైటులో ‘స్టెమ్’ అని ఉన్నంత మాత్రాన నమ్మవద్దు, ఒకే డిగ్రీలోని ఒక ట్రాక్‌కు ఉన్న గుర్తింపు ఇంకో ట్రాక్‌కు ఉండకపోవచ్చు. భారతదేశంలో చేసిన బీటెక్‌ను చూపి స్టెమ్ పొడిగింపు అడగవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. కుదరదు. గుర్తింపు పొందిన అమెరికా సంస్థ ఇచ్చిన డిగ్రీ ఆధారంగానే ఆ పొడిగింపు వస్తుంది.

ప్రోగ్రాము నిడివి కూడా చూడండి. తొమ్మిది, పది నెలల్లో పూర్తయ్యే మాస్టర్స్ ఖర్చు పరంగా ఆకర్షణీయంగా ఉంటుంది కాని, ఇంటర్న్‌షిప్‌కు అవకాశం లేకుండా చేస్తుంది. దాని కారణం కింది ప్రశ్నలో ఉంది.

ఇంటర్న్‌షిప్ ఎప్పుడు చేయవచ్చు? అంతకన్నా ముఖ్యంగా, ఎప్పుడు దరఖాస్తు చేయాలి?

ఎఫ్-1 (విద్యార్థి) వీసాపై ఉన్నవారు క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్ చేయడానికి సాధారణంగా సీపీటీ (చదువుతూ ఉండగానే పనిచేసేందుకు ఇచ్చేది) అనుమతి కావాలి. ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివిన తరువాతే విశ్వవిద్యాలయంలోని డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) దాన్ని ఇస్తారు. ఆ పని మీ పాఠ్యక్రమంలో భాగమై ఉండాలి. పూర్తికాల సీపీటీ 12 నెలలు వాడుకుంటే ఆ స్థాయి డిగ్రీకి ఓపీటీ మొత్తం పోతుంది. ఆగస్టులో చేరినవారికి మే నెల నాటికి విద్యా సంవత్సరం పూర్తవుతుంది కనుక, ఆ వేసవి ఇంటర్న్‌షిప్ వీలవుతుంది. అదే మే నెలలో డిగ్రీయే పూర్తయ్యే ప్రోగ్రాములో చేరితే ఇంటర్న్‌షిప్‌కు చోటే ఉండదు.

దరఖాస్తు సమయం విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పెద్ద ఫర్మ్‌లు ఇంటర్న్‌లను ఏడాది ముందు, కొన్నిసార్లు ఏడాదిన్నర ముందే ఎంపిక చేసుకుంటాయి. మీరు ఆగస్టులో విమానం దిగి, ఇల్లు వెతుక్కుని, బ్యాంకు ఖాతా తెరిచి, ‘ముందు మొదటి సెమిస్టర్‌లో మంచి జీపీఏ తెచ్చుకుందాం’ అనుకునే లోపే వచ్చే వేసవి సీట్లు చాలావరకు నిండిపోయి ఉంటాయి. సెప్టెంబరులో క్యాంపస్‌కు ఫర్మ్‌లు వచ్చే ‘మీట్ ద ఫర్మ్స్’ కార్యక్రమానికి ముందే రెజ్యూమె సిద్ధంగా ఉండాలి. ఐ-20 చేతికి వచ్చిన వేసవిలోనే కెరీర్ సర్వీసెస్ వారితో మాట్లాడి రెజ్యూమెను అమెరికా పద్ధతిలో ఒక పేజీకి కుదించుకోండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో అందులో ఉండకూడదు.

1919లో మొదలైన బీటా ఆల్ఫా సై అనే అకౌంటింగ్ విద్యార్థుల సంఘానికి మీ విశ్వవిద్యాలయంలో శాఖ ఉంటే చేరండి. దాని సమావేశాలకు ఫర్మ్‌ల రిక్రూటర్లు స్వయంగా వస్తుంటారు. రెండు వందల మంది వరుసలో నిలబడే కెరీర్ ఫెయిర్‌లో చేతికిచ్చిన రెజ్యూమె కన్నా, అక్కడ పది నిమిషాలు మాట్లాడిన మాట ఎక్కువ గుర్తుంటుంది. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా టాక్స్ రిటర్నులు తయారుచేసే వీటా కార్యక్రమంలో స్వచ్ఛందంగా పనిచేయడం కూడా మంచి అనుభవమే. చేరే ముందు డీఎస్ఓకు ఒక మాట చెప్పండి.

ఉద్యోగం సెప్టెంబరులో మొదలవుతుంది, నా డిగ్రీ మేలో అయిపోతుంది. ఓపీటీ తేదీ ఎలా ఎంచుకోవాలి?

ఈ ఒక్క తేదీని ఆలోచించకుండా రాసేయడం వల్ల వచ్చే నష్టం పెద్దది. మీ ప్రోగ్రాము మే 15న ముగుస్తుందనుకుందాం. అంతకు 90 రోజుల ముందు నుంచి, తరువాత 60 రోజుల వరకు ఐ-765 ఫారంతో ఓపీటీకి దరఖాస్తు చేయవచ్చు. ఓపీటీ మొదలయ్యే తేదీగా మే 16 నుంచి జూలై 14 వరకు ఏ రోజునైనా కోరవచ్చు. మొదలైన రోజు నుంచి ఉద్యోగం లేకుండా గడిపే రోజులన్నీ లెక్కలోకి వస్తాయి. అవి మొత్తం 90కి మించకూడదు.

మీ ఫర్మ్ కొత్తవారిని సెప్టెంబరు 8న చేర్చుకుంటుందనుకోండి. ‘త్వరగా మొదలైతే మంచిది కదా’ అని మే 16 కోరితే, ఆగస్టు 13 నాటికే 90 రోజులూ అయిపోతాయి. జూలై 14 కోరితే సెప్టెంబరు 7 వరకు 56 రోజులే ఖర్చవుతాయి, ఇంకా 34 రోజులు చేతిలో ఉంటాయి. ఆఫర్ ఒకటే, డిగ్రీ ఒకటే అయినా ఒకరికి స్టేటస్ నిలుస్తుంది, మరొకరికి పోతుంది. ఫర్మ్ జనవరిలో చేరమంటే మాత్రం జూలై 14 కూడా సరిపోదు. అప్పుడు వెంటనే రిక్రూటర్‌కు రాసి, ముందు బ్యాచ్‌లో చోటు అడగండి. కారణం వివరంగా చెబితే చాలా ఫర్మ్‌లు సర్దుబాటు చేస్తాయి. మొదటి ఏడాది ఓపీటీలో వారానికి కనీసం 20 గంటలు, మీ చదువుకు సంబంధించిన పని చేస్తే అది జీతం లేనిదైనా ఉద్యోగంగానే లెక్కకు వస్తుంది. ఖాళీ వారాలను దాటడానికి ఇది కూడా ఒక మార్గం. అయితే ఆ పని నిజంగా జరగాలి, రుజువులు ఉండాలి, కార్మిక చట్టాలకు లోబడి ఉండాలి.

కోరిన తేదీ వచ్చినా ఈఏడీ (పని అనుమతి) కార్డు చేతికి రాకుండా పని మొదలుపెట్టకూడదు కనుక, మొదలయ్యే తేదీని ఆలస్యంగా కోరినా దరఖాస్తును మాత్రం ఆలస్యం చేయవద్దు.

స్టెమ్ పొడిగింపు వల్ల నిజంగా అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. హెచ్-1బీ (యజమాని స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) రిజిస్ట్రేషన్ ఏడాదికి ఒకసారి, మార్చిలో జరుగుతుంది. సాధారణ కోటా 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000. లాటరీలో ఎంపికైనవారికి హెచ్-1బీ అక్టోబరు 1 నుంచి మొదలవుతుంది. 2026 జూలై 14న ఓపీటీ మొదలైతే 12 నెలల్లో వచ్చే మార్చి ఒక్కటే. స్టెమ్ పొడిగింపు ఉంటే 2029 జూలై వరకు సమయం ఉంటుంది కనుక 2027, 2028, 2029 మార్చి నెలల్లో మూడుసార్లు అదృష్టాన్ని పరీక్షించుకోవచ్చు. సకాలంలో పిటిషన్ దాఖలై, ఈలోపు ఓపీటీ ముగిస్తే పని కొనసాగించేందుకు క్యాప్-గ్యాప్ వెసులుబాటు ఉంది. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన నిబంధన దాన్ని ఏప్రిల్ 1 వరకు పొడిగించింది.

స్టెమ్ పొడిగింపుకు యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళికపై సంతకం చేయాలి. పెద్ద సంస్థలకు ఇది అలవాటైన పని. పది, పదిహేను మంది పనిచేసే చిన్న సీపీఏ (లైసెన్సు పొందిన పబ్లిక్ అకౌంటెంట్) ఫర్మ్‌లలో ఈ-వెరిఫై లేనివి చాలానే ఉంటాయి కనుక ఆఫర్ ఒప్పుకునే ముందే అడగాలి.

ఇటీవలి రెండు మార్పులను కూడా గమనించండి. 2025 డిసెంబరులో ఖరారైన నిబంధన ప్రకారం హెచ్-1బీ ఎంపికలో జీతం స్థాయికి తగిన ప్రాధాన్యం ఇస్తారు. నాలుగో స్థాయి జీతం ఉన్నవారి పేరు నాలుగుసార్లు, ఒకటో స్థాయివారి పేరు ఒక్కసారి లెక్కలోకి వస్తుంది. ఆడిట్, టాక్స్ విభాగాల్లో కొత్తగా చేరేవారి జీతాలు సాధారణంగా కింది స్థాయిల్లోనే ఉంటాయి కనుక, ఇది ఈ వృత్తిలోని కొత్తవారికి ప్రతికూలమైన మార్పు అనే చెప్పాలి. రెండోది, 2025 సెప్టెంబరు 19 నాటి అధ్యక్షుడి ప్రకటన ద్వారా వచ్చిన లక్ష డాలర్ల రుసుము. అమెరికాలోనే ఉంటూ ఎఫ్-1 నుంచి హెచ్-1బీకి స్టేటస్ మార్చుకునేవారికి అది వర్తించదని అమెరికా వలస వ్యవహారాల సంస్థ యూఎస్‌సీఐఎస్ ఆ అక్టోబరులో స్పష్టం చేసింది. ఆ ప్రకటన 12 నెలల గడువుతో వచ్చింది కనుక, మీ రిజిస్ట్రేషన్ నాటికి పరిస్థితి ఏమిటో ఫర్మ్ న్యాయవాదిని అడగండి.

దరఖాస్తులో ‘ఇప్పుడు గానీ, భవిష్యత్తులో గానీ మీకు స్పాన్సర్‌షిప్ అవసరమా?’ అని అడిగితే ఏం రాయాలి?

‘అవును’ అని రాయాలి. ఓపీటీలో ఉన్నంతకాలం అవసరం లేదు కదా అని ‘కాదు’ నొక్కేవారున్నారు. ప్రశ్నలో భవిష్యత్తు అన్న మాట స్పష్టంగా ఉన్నప్పుడు అది అబద్ధమే అవుతుంది, ఆఫర్ వచ్చాక బయటపడితే ఆఫర్ పోతుంది. నమ్మకమే పెట్టుబడిగా ఉన్న వృత్తిలో మొదటి కాగితం మీదే అబద్ధం రాయడం తగదు.

స్పాన్సర్ చేసే ఫర్మ్‌లను వెతకడానికి పుకార్ల మీద ఆధారపడనక్కరలేదు. హెచ్-1బీ కోసం యజమానులు దాఖలుచేసే ఎల్‌సీఏల (ఉద్యోగం, జీతం వివరాలుండే దరఖాస్తుల) వివరాలను అమెరికా కార్మిక శాఖ బహిరంగంగా ఉంచుతుంది. అందులో అకౌంటెంట్లు, ఆడిటర్లకు సంబంధించిన 13-2011 కోడ్‌తో వడపోస్తే ఏ ఫర్మ్, ఏ నగరంలో, ఎంత జీతానికి స్పాన్సర్ చేసిందో తెలుస్తుంది. ఒకే సంస్థలో ఒక విభాగానికి ఉన్న స్పాన్సర్‌షిప్ మరో విభాగానికి ఉండకపోవచ్చు, కనుక ఉద్యోగ ప్రకటన చివరి పేరాలో ఉండే వాక్యాన్ని కూడా చదవండి.

మూడేళ్ల బీకాంతో సీపీఏ రాయవచ్చా?

సీపీఏ లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం కాదు, ఒక్కొక్క రాష్ట్రానికీ ఉన్న బోర్డు. చాలా రాష్ట్రాల్లో పరీక్షకు కూర్చోవడానికి 120 క్రెడిట్లు, లైసెన్సుకు 150 క్రెడిట్లు, ఒక ఏడాది అనుభవం కావాలన్నది సంప్రదాయంగా వస్తున్న నియమం. మూడేళ్ల బీకాంను అమెరికా లెక్కలో 90 క్రెడిట్లుగా చూసే సందర్భాలు ఎక్కువ. దానికి 30 క్రెడిట్ల మాస్టర్స్ కలిపితే 120, అంటే లైసెన్సుకు ఇంకా 30 తక్కువ. బీటెక్ చేసినవారికి మొత్తం క్రెడిట్లు సరిపోతాయి కాని, అకౌంటింగ్ సబ్జెక్టుల్లో బోర్డు కోరే క్రెడిట్లు తగ్గుతాయి.

2025 జనవరిలో ఒహాయో చేసిన చట్టంతో దీనిలో మార్పు మొదలైంది. బ్యాచిలర్స్ డిగ్రీ, రెండేళ్ల అనుభవం, పరీక్షలో ఉత్తీర్ణత ఉంటే లైసెన్సు ఇచ్చే దారి అక్కడ 2026 జనవరి 1 నుంచి అందుబాటులోకి వచ్చింది. ఇతర రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. అయితే మీ మూడేళ్ల డిగ్రీని ఆ బోర్డు బ్యాచిలర్స్‌కు సమానంగా ఒప్పుకుంటుందా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. అందుకే మాస్టర్స్‌లో కోర్సులు ఎంచుకునే ముందే, మీరు ఎంచుకున్న రాష్ట్రం అంగీకరించే సంస్థతో మార్కుల జాబితాలను మూల్యాంకనం చేయించుకోండి. తక్కువపడిన క్రెడిట్లను సెలవుల్లో కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఖర్చుతో పూర్తిచేసుకోవచ్చు, కాని ముందు తెలిస్తేనే. సోషల్ సెక్యూరిటీ నంబరు విషయంలో కూడా బోర్డుల పద్ధతులు వేరు వేరు.

పరీక్ష ఎప్పుడు రాయడం మంచిది?

ఉద్యోగంలో చేరక ముందు. 2024 జనవరి నుంచి అమలులో ఉన్న విధానంలో ఏయూడీ (ఆడిట్), ఎఫ్ఏఆర్ (ఫైనాన్షియల్ అకౌంటింగ్, రిపోర్టింగ్), ఆర్ఈజీ (టాక్స్, నిబంధనలు) అనే మూడు తప్పనిసరి భాగాలు, బీఏఆర్ (బిజినెస్ అనాలిసిస్, రిపోర్టింగ్), ఐఎస్‌సీ (సమాచార వ్యవస్థలు, నియంత్రణలు), టీసీపీ (టాక్స్ కంప్లయన్స్, ప్లానింగ్)లలో ఒకటి రాయాలి. ఒక్కొక్కటి నాలుగు గంటలు, ఉత్తీర్ణతకు 75 రావాలి. 2024లో ఎఫ్ఏఆర్ రాసినవారిలో సుమారు 40 శాతం మందే గట్టెక్కారు. పాఠాలు గుర్తుండగానే దాన్ని ముందుగా రాయడం మేలు. పైన చెప్పిన మే నుంచి సెప్టెంబరు మధ్య ఖాళీ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. బిజీ సీజన్‌లో రాత్రి పదింటికి ఇంటికి చేరి చదువుతాననుకునేవారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి కాని, ఆ ప్రణాళికను నమ్మలేం.

భారతదేశంలో సీఏ చేశాను. మళ్లీ పరీక్షలన్నీ రాయాలా?

రాయాలి. కెనడా, ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల వృత్తి సంస్థలతో ఉన్నట్టుగా పరస్పర గుర్తింపు ఒప్పందం భారత సీఏ సంస్థతో లేదు. అయితే సీఏ ఉన్నవారికి ఆడిట్, ప్రమాణాల పునాది గట్టిగా ఉంటుంది కనుక, అమెరికా టాక్స్ ఒక్కటే పూర్తిగా కొత్తగా అనిపిస్తుంది. 2020 నుంచి సీపీఏ పరీక్షను భారతదేశంలోని కేంద్రాల్లోనే రాయవచ్చు. బయలుదేరకముందే రెండు భాగాలు పూర్తిచేసుకుని వచ్చిన అభ్యర్థి రెజ్యూమెను రిక్రూటర్ వేరుగా చూస్తాడు.

ఉద్యోగం రాకపోతే కన్సల్టెన్సీ ద్వారా ప్రయత్నించవచ్చా?

నిజమైన పనికి పంపే స్టాఫింగ్ సంస్థ అయితే తప్పు లేదు. కాని మనవాళ్లలో బాగా తెలిసిన ఇంకో రకం ఉంది. లేని ఏళ్ల అనుభవాన్ని రెజ్యూమెలో కలిపి, ఇంటర్వ్యూలో వేరొకరిచేత మాట్లాడించి, పని దొరికేదాకా బెంచ్ మీద ఉంచుతామని ఆఫర్ లెటర్ ఇచ్చే రకం. జీతం, పని లేని బెంచ్ కాలం నిరుద్యోగ దినాల్లోకే వస్తుంది, కాగితం మీద ఉద్యోగం చూపిస్తే అది మోసం కిందికి వస్తుంది. ఐటీ రంగంలో దీన్ని దాటుకుని వచ్చిన వారి కథలు విని అకౌంటింగ్‌లోనూ నడుస్తుందనుకోవద్దు. సీపీఏ లైసెన్సుకు మీ అనుభవాన్ని ఒక సీపీఏ సంతకం చేసి ధ్రువీకరించాలి, బోర్డు మీ నడవడికను కూడా పరిశీలిస్తుంది. హెచ్-1బీ పిటిషన్ ఖర్చులను మీ నుంచి వసూలు చేయాలని చూసే యజమానికి దూరంగా ఉండండి, అవి యజమాని భరించాల్సిన ఖర్చులు.

షేర్లలో పెట్టుబడి పెట్టవచ్చా?

ఫర్మ్‌లో చేరాక మీ ఇష్టం కాదు. ఆడిట్ చేసే కంపెనీలో ఆడిటర్‌కు ఆర్థిక ప్రయోజనం ఉండకూడదన్న స్వతంత్రతా నియమాలు మీ జీవిత భాగస్వామి ఖాతాకు కూడా వర్తిస్తాయి. భర్తో భార్యో ఐటీ కంపెనీలో పనిచేస్తూ ఆ కంపెనీ షేర్లు జీతంలో భాగంగా పొందుతుంటే, ఆ కంపెనీ మీ ఫర్మ్‌కు క్లయింటేమో ఆఫర్ ఒప్పుకునే ముందే చూసుకోవాలి.

నా సొంత టాక్స్ ఎలా?

ఎఫ్-1 విద్యార్థులు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా నాన్-రెసిడెంట్లు. కనుక 1040-ఎన్ఆర్, దానితో 8843 ఫారం దాఖలు చేయాలి. ఈ కాలంలో జీతం నుంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కోయకూడదు. పొరపాటున కోస్తే పేరోల్ విభాగాన్ని అడిగి వెనక్కి తెచ్చుకోండి. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణ వల్ల భారతీయ విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు, ఇతర దేశాల నాన్-రెసిడెంట్ విద్యార్థుల్లో చాలామందికి ఈ వెసులుబాటు లేదు. టాక్స్ విభాగంలో ఇంటర్వ్యూకు వెళ్లేవారు తమ రిటర్నును తామే తయారుచేసుకుని ఉంటే మాట్లాడటానికి ఒక మంచి విషయం దొరికినట్టే.

హెచ్-1బీ ఎంపికలో ఒక్కసారీ పేరు రాకపోతే?

ఓపీటీ ఆఖరి ఏడాది వచ్చే వరకు ఆగకుండా, రెండో మార్చిలో పేరు రాకపోయినప్పుడే మీ ఫర్మ్ పార్ట్‌నర్‌తోనూ హెచ్ఆర్‌తోనూ మాట్లాడండి. బాగా పనిచేసే సీనియర్‌ను వదులుకోవడం ఫర్మ్‌కు కూడా నష్టమే కనుక, పెద్ద సంస్థలు తమ కెనడా లేదా భారత కార్యాలయానికి బదిలీ చేయడం మామూలే. అక్కడ వరుసగా ఒక ఏడాది పనిచేసినవారిని ఎల్-1 (సంస్థ లోపలి బదిలీ) వీసాపై తిరిగి తెచ్చుకునే వీలుంది. ఒకే అంతర్జాతీయ పేరుతో అకౌంటింగ్ సేవలు అందించే భాగస్వామ్య సంస్థలను ఎల్-1 కోసం అనుబంధ సంస్థలుగా పరిగణించే ప్రత్యేక నిబంధన ఉంది. అంటే నెట్‌వర్క్ ఉన్న ఫర్మ్‌లో పనిచేసేవారికి ఉన్న ఈ దారి, ఒకే నగరానికి పరిమితమైన ఫర్మ్‌లో పనిచేసేవారికి ఉండదు. రెండు ఆఫర్ల మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు జీతంలో ఉన్న మూడు, నాలుగు వేల డాలర్ల తేడా కన్నా దీనికే ఎక్కువ విలువ ఇవ్వాలన్నది మా అభిప్రాయం.

దేశం విడిచినంత మాత్రాన సీపీఏ లైసెన్సు పోదు. ఏటా లేదా రెండు మూడేళ్లకోసారి బోర్డు కోరే సీపీఈ (నిరంతర వృత్తి శిక్షణ) గంటలు పూర్తిచేసి, రుసుము కట్టి పునరుద్ధరించుకుంటే ఎక్కడి నుంచైనా అది చెల్లుబాటులోనే ఉంటుంది. వెళ్లే ముందు మీ అనుభవ ధ్రువీకరణ పత్రంపై సూపర్‌వైజర్ సంతకం మాత్రం తప్పకుండా తీసుకోండి. ఆయన ఫర్మ్ మారాక వెతికి పట్టుకోవడం కష్టం.